ఒక్కపొద్దు నాటి రెండో మాత్ర

నేను ఒక మాత్రల షీటుని. రక్తం గడ్డకట్టకుండా చూసే కొత్తరకం మాత్రలు పది నా గదుల్లో ఉంటాయి. ఫ్యాక్టరీలో రేకు కప్పుకుని, తెనాలిలో ఓ మందుల షాపు మీదుగా వంటల కనకరత్నమ్మ పోపుల పెట్టె పక్కకు చేరాను. పెళ్లిళ్లకు వండే మనిషి. ఆవిడ గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. అందులో గడ్డ పుట్టి మెదడుకెక్కితే పక్షవాతమే. దానికి అడ్డుపడటమే నా ఉద్యోగం.

నాకు ముందు వాడిన పాత మాత్రకు మహా చాదస్తం. నెలనెలా రక్తపరీక్ష చేయించాలి, ఆకుకూర కాస్త ఎక్కువైతే అలుగుతుంది. ఊరందరికీ గోంగూర వండిపెట్టిన మనిషి ఆరేళ్లు దాన్ని నోట పెట్టలేదు. మా జాతి వచ్చాక ఆ బాధలు పోయాయి. అలాగని మాలో లోపాలు లేవనను. కత్తిపీట తెగితే రక్తం ఓ పట్టాన ఆగదు, ధర కూడా ఎక్కువే. పైగా మా బలం ఒక్కపూటే, రోజుకు రెండు పడాల్సిందే.

ఆవిడకేమో శనివారం ఒక్కపొద్దు. ఒకపూటే భోజనం కాబట్టి ఒకటే మాత్ర! పాతది రోజుకొకటే గనుక నడిచిపోయింది. నాకు పరీక్షలు అక్కర్లేదని గొప్పలు పోయానా, అందుకే రెండు పూటలా వేసుకుంటోందా అని ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున్నే ఆవిడ చేతిలో గరిట జారింది. తోడికోడలు సుగుణను పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. నాకు భయమేసింది. సుగుణ నన్ను సంచిలో వేసుకుని ఆవిడను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అదృష్టం, అరగంటలో మాట తిరిగొచ్చింది.

డాక్టరు నన్ను తిరగేసి చూశాడు. "గురువారం పొద్దున మొదలెట్టారు. నిన్నటికి ఆరు అయిపోవాలి. ఐదే అయ్యాయేం?"

"నిన్న ఒక్కపొద్దు గదండీ. రాత్రి అన్నమే తిననుగా, మాత్ర ఎట్టా ఏసుకుంటా?"

"దీనికి అన్నంతో పనిలేదమ్మా. గుక్కెడు నీళ్లు చాలు."

ఆసుపత్రిలో వాళ్ల మందే వేశారు. గురువారం సాయంత్రం ఇంటికొచ్చాక మళ్లీ నా వంతు. శనివారం దీపాలు పెట్టే వేళకు నాలో ఒక్కటే మిగిలింది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని దేవుడి పటం ముందు నిలబడింది.

"స్వామీ, ఇది తిండి కాదు. కాదూ కూడదంటావా, నీ కోపం నామీద ఎట్టాగైనా తీర్చుకో. నోరు మాత్రం పడెయ్యమాక."

మింగేసింది. ఖాళీ రేకునై చెత్తబుట్టలో దొండకాయ ముచ్చికల మధ్య పడ్డాను. అవతల వంటింట్లో పులుసు మాడ్చినందుకు సుగుణకు తిట్లు పడుతున్నాయి. చెవి ఒగ్గి చివరిదాకా విన్నాను. ఒక్క అక్షరం తడబడలేదు.