పొర, కట్టు, కండ, నరం

మా వదిన ఎలీసబెతు మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివే పిల్లలకు పాఠం చెప్పేది. ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని. ఆడబిడ్డనని క్లాసులో ఆవగింజంత కనికరం చూపించేది కాదు. శరీరం గురించి చెప్పే రోజున బల్ల మీద మేక కాలు ఉండాల్సిందే. తోలు తియ్యకుండా ఇవ్వమని మెట్టుగూడ కసాయికి ముందే చెప్పి పెట్టేది.

"మనిషి ఒళ్లంతా నాలుగే నాలుగు రకాల సరుకు" అని మొదలుపెట్టేది. "ఒంటి మీదా, నోట్లోనూ, పేగుల లోపలా పరుచుకున్నది పొర. ఎముకా, కొవ్వూ, కండను ఎముకకు బిగించే ఈ తెల్లటి తాడూ, ఇవన్నీ కట్టు. రక్తం కూడా కట్టులోకే వస్తుంది. నవ్వకండి, పరీక్షలో అడుగుతాను. కదిలించేది కండ. గుండె కూడా కండే."

చివర్లో చాకు మొనతో కండల మధ్య నుంచి ఓ సన్నటి తెల్లదారం పైకి లాగేది. "ఇది నరం. మెదడూ, వెన్నుపామూ ఇదే జాతి. కబురు మోసేది ఇది. పొర తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, కండ కూడా ఎంతో కొంత పూడుకుంటుంది. ఇది తెగితే మాత్రం నేను మాటివ్వలేను."

ఇప్పటి పుస్తకాల్లో వీటిని కణజాలాలు అంటున్నారు. పేరు పెద్దదైంది, మేక కాలు మాయమైంది. మాకైతే ఆ కాలు సాయంత్రానికి ఇంటికొచ్చి పాయా అయ్యేది. మా అన్న ఏసురత్నం దాన్ని జుర్రుకుంటూ, "ఇయ్యాల్టి పాఠంల జెర ఉప్పు తక్కువైంది సిస్టరమ్మా" అనేవాడు. వదిన కోపం నటించడం చేతకాక నవ్వేసేది.

అన్నకు బజార్లో చిన్న దుకాణం. హార్మోనియంలు బాగుచేసేవాడు. ఆదివారం గుడిలో వాయించేదీ ఆయనే. ప్రతిదానికీ వంక పెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అన్న వాయిద్యానికి మాత్రం ఏ రోజూ వంక పెట్టలేకపోయాను. ఎడమచెయ్యి గాలి కొడుతుంటే కుడిచెయ్యి మెట్ల మీద ఎక్కడానికీ దిగడానికీ ఆయాసమే లేనట్టు తిరిగేది. ఆ చెయ్యి తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు, వేరే గర్వమూ లేదు.

రజాకార్ల భయంతో తలుపులు బిగించుకుని బతికిన నెలలన్నీ ఆయనకేమీ కాలేదు. యూనియన్ సైన్యం సరిహద్దు దాటిందని విన్న రోజుల్లోనూ కాలేదు. నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పిన సాయంత్రం, అంతా అయిపోయాక, అప్పుడు అయింది. బజారంతా ఒక్కసారిగా పరుగెత్తింది, సంతోషంతో కొందరు, భయంతో కొందరు. దుకాణం మూస్తున్న అన్న ఆ తోపులాటలో అద్దాల బీరువా మీద పడ్డాడు. కత్తి లేదు, తూటా లేదు. గాజుపెంకు కుడి మణికట్టులో దిగింది.

ఆసుపత్రిలో కరెంటు లేదు. డాక్టరమ్మ కుట్లు వేస్తుంటే వదిన లాంతరు పట్టుకుంది, నేను పళ్లెం పట్టుకున్నాను. చిటికెనవేలి వైపు గాయం లోపల మాకు బాగా తెలిసిన తెల్లదారం కనిపించింది. నడుమ ముక్క నలిగి పీచులైపోయింది. కలుపుదామంటే కొసలు ఒకదానికొకటి అందలేదు. డాక్టరమ్మ వదిన ముఖంలోకి చూసి తల అడ్డంగా ఊపింది. కండ కుట్టింది, తాళ్లు కుట్టింది, తోలు కుట్టింది. వదిన చేతిలో లాంతరు కదల్లేదు. ఆమె గుండె ఎట్లా నిలబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గాయం ముచ్చటగా మానింది. కుట్లు తీసేసరికి సన్నటి గీత మిగిలింది. దాన్ని చూసి మా అమ్మ జ్ఞానమణి మోకాళ్ల మీద పడిపోయింది.

"తోలు ఎంత సాఫ్‌గ కలిసిందో చూడు బిడ్డా! దేవుడు బాగు చేసిండు. కూడిక పెట్టాలె."

మాలో ఎవరైనా జబ్బు నుంచి లేస్తే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. లేచినవాళ్లు అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆలస్యం చేస్తే ఇచ్చినాయన వెనక్కి తీసుకుంటాడని అమ్మ భయం.

"కొన్నాళ్లు ఆగుదాం అత్తమ్మా" అంది వదిన.

"ఎందుకాగాలె? దేవుని మీద నమ్మకం లేదా నీకు?"

వదిన తల వంచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. క్లాసులో నిప్పులు చెరిగే మనిషి ఇంట్లో నీరుగారిపోతుంటే నాకు ఒళ్లు మండింది. చెప్పెయ్యరాదా అనుకున్నాను. చెప్పడానికి నాకు మాత్రం నోరుందా?

వదిన రోజూ పొద్దున అన్నను కళ్లు మూసుకోమని, దూదిపింజతో వేళ్లు తాకి, "తెలుస్తుందా?" అని అడిగేది. "తెలుస్తున్నది" అనేవాడు అన్న. అప్పటికే చిటికెనవేలూ దాని పక్కవేలూ కొక్కెంలా వంగిపోతున్నాయి. ఒక రోజు నేను కాఫీ తెచ్చి గుమ్మంలో ఆగాను. వదిన దూది ఒళ్లో పెట్టేసుకుని, చిటికెనవేలిని తాకకుండానే అడిగింది.

"తెలుస్తుందా?"

"మంచిగ తెలుస్తున్నది" అన్నాడు అన్న, కళ్లు గట్టిగా మూసుకుని.

వదిన దూది తీసి డబ్బాలో పెట్టింది. మర్నాడు మళ్లీ అడిగింది.

కూడిక రోజు ఇల్లు పట్టనంత జనం వచ్చారు. జ్ఞానశేఖర్ పాస్టరయ్య వాక్యం చదివాడు. చాప మీద హార్మోనియం పెట్టి అమ్మ అన్నను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అన్న పాట ఎత్తుకున్నాడు. మొదటి వరుస ఎట్లాగో దాటింది. పాట పైకి ఎక్కే దగ్గర ఆ రెండు వేళ్లూ పక్కమెట్ల మీద బరువుగా ఈడ్చుకుపోయాయి. అపస్వరం అని చెప్పుకోవడానికి కూడా సిగ్గయ్యే మోత. మావాళ్లు మంచివాళ్లు, వాయిద్యం వినపడకుండా గొంతులు పెంచారు. అట్లా చెయ్యకుండా ఉంటే బాగుండేది. గుడిలో ఎవరు శ్రుతి తప్పినా ఆయన హార్మోనియమే ఇట్లాగే గొంతు పెంచి వాళ్లను కాచుకునేది. ఆ సంగతి అన్నకంటే ఎక్కువ తెలిసినవాళ్లెవరు? ఆయన చెయ్యి తీసేశాడు. పాట వాయిద్యం లేకుండానే చివరిదాకా నడిచింది.

"సాక్ష్యం చెప్పు నాయినా" అంది అమ్మ.

అన్న లేచాడు. "దేవుడు నా చెయ్యిని..." అని ఆగిపోయాడు. అబద్ధమాడటం రాక కాదు, మాతో రోజూ ఆడుతూనే ఉన్నాడు. దేవుడి పేరు పెట్టి ఆడటం రాలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు.

వదిన లేచి ఆయన పక్కన నిలబడింది.

"పాస్టరయ్యగారూ, ఆయన తరఫున నేను చెప్తాను. పొర మానింది. కట్టు అతుక్కుంది. కండను కూడా కుట్టారు. వీటన్నిటికీ దేవుడికి వందనాలు. నరం తెగిపోయింది. అది రాదు. నరం లేని కండ కూడా కరిగిపోతుంది, బొటనవేలి పక్కన గుంట పడుతోంది చూడండి. ఆ రెండు వేళ్లూ ఇక వాయించవు."

పాఠం చెప్పినట్టే చెప్పింది. అమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది.

"మరి నేను పెట్టిన కూడిక అబద్ధమైందా బిడ్డా?"

"ప్రాణం దక్కింది కదా అత్తమ్మా. దానికే అనుకుందాం."

పాస్టరయ్య నాలుగు మాటల్లో ప్రార్థన ముగించాడు. అందరూ చాయ్ తాగి, అన్న భుజం తట్టి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అమ్మ వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను పెరట్లో నల్లా కింద కప్పులు కడుగుతున్నాను. మెట్టు మీద అన్నా వదినా కూర్చున్నారు.

"ఎప్పటి సంది ఎరుక నీకు?" అన్నాడు అన్న.

"లాంతరు పట్టుకున్న రోజు నుంచి."

"మరి దినాం దూది పట్టుకొని ఎందుకడిగినవ్?"

"మీరు తెలుస్తుందంటుంటే వినాలనిపించేదండీ."

అన్న కుడిచెయ్యి ఆమె ఒళ్లో పెట్టాడు. "ఇప్పుడడుగు."

ఆమె ఆ చిటికెనవేలిని రెండు చేతుల్లోకీ తీసుకుని గట్టిగా పట్టుకుంది. అడగలేకపోయింది. అన్నే చెప్పాడు.

"తెలుస్తలేదు, ఎలీసా."

కప్పులు ఎప్పుడో అయిపోయాయి. వదిన ఏడుపు లోపల పడుకున్న అమ్మకు వినపడకుండా నల్లా అట్లాగే వదిలేశాను.