కుర్చీకి వేసిన కోటు

ఆ లా ఆఫీసులో ఎవరైనా వచ్చారో లేదో తెలుసుకోవాలంటే మనిషి కోసం వెతకనక్కర్లేదు. గాజు తలుపులోంచి కుర్చీ వైపు చూస్తే చాలు. కుర్చీకి కోటు తగిలించి ఉందంటే మనిషి ఉన్నట్టే. బల్ల మీద దీపం వెలుగుతూ, కప్పులో సగం కాఫీ కూడా మిగిలి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

వాళ్లంతా పెద్ద కంపెనీలు చిన్న కంపెనీలను కొనుక్కునేటప్పుడు ఒప్పందాలు రాసే లాయర్లు. ఒంటి మీదికి ఒక కోటు, కుర్చీ మీదికి ఇంకొకటి పెట్టుకునేవారు. మొదటిది మనిషితో పాటు బయటికి పోయేది, రెండోది అతని పరువు కాపాడుతూ అక్కడే ఉండేది. పంటి డాక్టరు దగ్గరికి పోయినా, బిడ్డ స్కూల్లో పాట పాడుతుంటే చాటుగా వెళ్లి వినివచ్చినా, పెద్దాయన అటుగా నడిచినప్పుడు కుర్చీ బోసిగా కనిపించకూడదు. పెద్దాయన అంటే ఆ ఆఫీసు పెట్టిన సీనియరు. ఆయన కంటికి ఆనినవాళ్లకే పై మెట్టు.

పోనుపోను ఇందులోనూ పోటీ వచ్చింది. నలుగురూ చూసేది కుర్చీ మీది కోటునే కదా! దాని బట్ట ఎలాంటిది, ఎవరు కుట్టారు అని మాటలు మొదలయ్యాయి. చివరికి వేసుకునే కోటు కంటే వేసుకోని కోటే ఖరీదైనదై కూర్చుంది. చదువుతున్న మీకు నవ్వొస్తుందేమో. వాళ్లకు మాత్రం రాలేదు, ఎందుకంటే నవ్వడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

అక్కడ పనిచేసే ఒకావిడను ఇంట్లో అందరూ లాయరమ్మ అనేవారు. ఆ పేరు అత్తగారు పెట్టింది. మొదట్లో మురిసిపోతూ పిలిచేది. కోడలు ఇంటిపట్టున ఉండటం తగ్గి, మనవరాలి పనులు తన మీద పడేకొద్దీ ఆ పిలుపులో ఎత్తిపొడుపు చేరింది. భర్త స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఆమె జీతం ముందు తన జీతం ఏపాటిదని అతను ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు కానీ, ఈ మధ్య ఏ వస్తువు కొన్నా "మనకెందుకిది?" అని అడగడం మానేశాడు. అడిగి అడిగి అలసిపోయాడు. ఇంట్లో ఎవరూ కూర్చోని సోఫా ఉంది, ఎవరూ వాయించని పియానో ఉంది, ఎప్పుడూ ఒక్కరే కూర్చుని భోంచేసే పదిమంది బల్ల ఉంది. వీటన్నిటి వాయిదాలూ తీరాలంటే ఆమె ఈ ఉద్యోగం చేయాలి, ఈ ఉద్యోగంలో నిలవాలంటే ఇవన్నీ ఉండాలి. గానుగ చుట్టూ తిరిగినట్టుంది బతుకు అని ఒకసారి భర్తతో అంది. అని, ఫోన్ మోగితే లేచి వెళ్లిపోయింది.

ఆమెకు ఈ కిటుకులన్నీ నేర్పినవాడు పక్క గదిలో ఉండేవాడు. ఇద్దరూ ఒకేసారి ఉద్యోగంలో చేరారు. అతని వేషం, నడక చూసి ఆఫీసంతా దొరబాబు అని పేరు పెట్టింది. లిఫ్టులో పలకరింపు ముఖం చూసి కాదని, మణికట్టు చూసి జరుగుతుందని చెప్పింది అతనే. చందమామ పెరగడం తరగడం చూపించే గడియారం ఒకటి కొన్నాడు. ఏడాది తిరగకముందే లాయరమ్మ కూడా అలాంటిదే కొనుక్కుంది. అసలు చందమామను తలెత్తి చూసి ఎన్నాళ్లయిందో ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేదు.

ఆ ఏడు పెద్దాయన ఒక్కరినే భాగస్వామిగా చేసుకుంటానన్నాడు. బరిలో మిగిలింది వీళ్లిద్దరే. అప్పటిదాకా డబ్బాలో తెచ్చుకున్నది పంచుకుని తిన్నవాళ్లు, పొడిపొడి మాటల్లోకి దిగారు.

ఒకనాటి మధ్యాహ్నం దొరబాబు భార్య లాయరమ్మకు ఫోన్ చేసింది. ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు వదినా అనుకునేంత దగ్గర.

"పొద్దున్నుంచి తల పగిలిపోతోందన్నాడమ్మా. డాక్టరు దగ్గరికి వెళ్దాం రమ్మంటే సరేనన్నాడు. ఇప్పుడేమో ఫోన్ ఎత్తట్లేదు. ఒక్కసారి చూసి చెప్పవా?"

లాయరమ్మ ఫోన్ చెవికి ఆనించుకునే లేచి వెళ్లింది. గాజు తలుపులోంచి చూసింది. కుర్చీకి కోటు ఉంది. దీపం వెలుగుతోంది. కప్పులో కాఫీ ఉంది. మనిషి మాత్రం కనిపించలేదు. ఆమెకు కంగారు పుట్టింది. ఎందుకో చెబితే మీరు నొచ్చుకుంటారు. దొరబాబుకు ఏమైందోనని కాదు. ఈ వేళప్పుడు గదిలో లేడంటే పెద్దాయన దగ్గర ఉండి ఉంటాడని, భాగస్వామి పదవి తనకు దక్కకుండా అక్కడ మాట్లాడేసుకుంటున్నారని.

"ఉన్నాడు వదినా. కోటు ఇక్కడే ఉంది. మీటింగులో ఉన్నట్టున్నాడు, వస్తాడులే," అని చెప్పేసింది.

అవతల వదిన "హమ్మయ్య" అంది.

ఇక్కడ ఒక్క సంగతి ఆగి చెప్పాలి. లాయరమ్మ పనే తరచి చూడటం. ఫలానా ఫ్యాక్టరీలో ఇన్ని యంత్రాలున్నాయని కాగితం చెబితే ఆమె నమ్మదు. మనిషిని పంపించి, తలుపులు తీయించి, యంత్రాన్ని తాకి చూశాక గానీ సంతకం పెట్టనివ్వదు. కళ్లముందున్న తలుపు మాత్రం ఆ రోజు తీయలేదు. కోటును చూసి మనిషి ఉన్నాడని భరోసా ఇచ్చేసింది.

కొంతసేపటికి పెద్దాయన లిఫ్టులోంచి దిగాడు. భోజనం చేసి వస్తున్నాడు, పక్కన ఎవరూ లేరు. ఆయన ఇప్పటిదాకా బయటే ఉన్నాడంటే దొరబాబు ఆయన దగ్గర లేడని లాయరమ్మకు అప్పుడు తట్టింది. పరుగెత్తుకెళ్లి తలుపు తోసింది.

దొరబాబు బల్లకూ కిటికీకీ మధ్య, తలుపులోంచి కనిపించకుండా, నేల మీద ఒక పక్కకు పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏదో అనబోయాడు గానీ పెదవి ఒక వైపే కదిలింది. ఆ మధ్యాహ్నమంతా ఎంతమంది ఆ తలుపు ముందునుంచి నడిచిపోయారో! అందరూ కోటును చూశారు.

ఆసుపత్రిలో నర్సు అతని గడియారం, పెన్ను, బూట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి లాయరమ్మ చేతికిచ్చింది. ఇన్నేళ్లూ ఆమెకు కళ్లు కుట్టించినవన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి. ఎత్తితే పెద్ద బరువు కూడా లేదు. ప్రాణానికి భయం లేదని, కుడి చెయ్యీ మాటా ఎంతవరకు తిరిగొస్తాయో చెప్పలేమని డాక్టరు వదినతో అన్నాడు. కాస్త ముందుగా తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు. లాయరమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

కొన్ని వారాలు గడిచాయి. పెద్దాయన ఆమెను పిలిచి, పాపం దొరబాబుకు ఇలా జరగాల్సింది కాదని నిట్టూర్చి, ఇక భాగస్వామివి నువ్వేనని చెప్పాడు. కిటికీ పెద్దది కాబట్టి అతని గదిలోకి మారిపొమ్మన్నాడు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట చెవిన పడింది. ఆమె మాత్రం కుర్చీకి అతని కోటు ఇంకా ఉందని గుర్తుచేసింది. ఎవరితోనైనా ఇంటికి పంపించమని చెబుతానన్నాడాయన. నేనే ఇచ్చి వస్తానంది.

దొరబాబు ఇంటిముందు కొత్త కారు దుమ్ము కొట్టుకుని ఉంది. అతను లోపల నిద్రపోతున్నాడు. వదిన కోటు అందుకుని ఒళ్లో పెట్టుకుంది. లాయరమ్మ ఆ రోజు జరిగింది దాచకుండా చెప్పింది. తలుపు తీయలేదని చెప్పింది. ఎందుకు తీయలేదో కూడా చెప్పింది. తిట్టినా పడదామనే వచ్చింది.

వదిన తిట్టలేదు. కోటు మీద లేని ముడతను చేత్తో సరిచేస్తూ కూర్చుంది.

"నువ్వొక్కదానివే అలా చూశావనుకోకమ్మా," అంది చివరికి. "మేమూ అంతే. బయట కారు ఉంటే ఆయన ఇంట్లో ఉన్నాడనుకున్నాం. కొత్త వస్తువు దిగిన ప్రతిసారీ మా మీద ప్రేమే వచ్చిందనుకున్నాం. తల నొప్పని ఎన్నాళ్ల నుంచో అంటూనే ఉన్నాడు. అంత మంచి బట్టలేసుకున్న మనిషికి జబ్బేమిటిలే అనిపించింది నాకు. ఆయన్ని ఇప్పుడే చూస్తున్నాను. ముద్ద కలిపి నోట్లో పెడుతుంటే కన్ను పక్కన చిన్న మచ్చ కనిపించింది. ఎప్పటిదో నాకు తెలియదు. వస్తువులన్నీ చూసుకున్నాం గానీ, మనిషిని చూసుకోలేదమ్మా."

లాయరమ్మ ఏడ్చింది. వదిన ఓదార్చలేదు, మంచినీళ్లు మాత్రం తెచ్చి ఇచ్చింది.

మర్నాడు లాయరమ్మ తన పాత గదిలోకే వెళ్లింది. కుర్చీకి ఉన్న కోటు తీసి మడిచి సంచిలో పెట్టుకుంది. ఎప్పుడూ వేసుకోకపోయినా దాని భుజాల మీద దుమ్ము పట్టింది. వాయిదాలు తీరని పెద్ద ఇల్లు అమ్మేద్దామని పొద్దున్నే భర్తతో అంది. అతను ఆమె ముఖంలోకి చూసి, నిజంగానే అంటోందని నమ్మకం కుదిరాక, సరేనన్నాడు. ఆ రోజు పని ముగించుకుని, కూతురిని స్కూలు నుంచి తెచ్చుకోవడానికి వెలుగుండగానే లేచింది.

నడవాలో పెద్దాయన ఎదురయ్యాడు. గాజు తలుపులోంచి ఆమె కుర్చీ వైపు చూశాడు.

"కోటు తీసుకెళ్లిపోతున్నావేం? కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. భాగస్వామి కాబోయేదానివి, నలుగురూ ఏమనుకుంటారు?"

ఆమె గొంతులో కోపం లేదు, అలసట మాత్రం ఉంది.

"లేనని అనుకుంటారండి. నేను లేనప్పుడు లేనని తెలియాలి. అలా తెలిస్తేనే, నేను పడిపోయిన రోజున ఎవరో ఒకరు తలుపు తీసి చూస్తారు."