సూరమ్మ అక్షరాభ్యాసము

ఆషాఢమేఘములు వృద్ధగౌతమి మీదికి వంగి కొత్తనీటి యెఱుపును నలుపుగా మార్చుచున్న ఒకానొక అపరాహ్ణమున, లంకలమీదుగా వచ్చు తడిగాలికి అరటియాకులు వీపులు చూపుచుండగా కొంగలబారులు తెల్లని దండలవలె ఆకసమున సాగుచుండగా, ఏటియొడ్డు అగ్రహారమునందలి ఒక పెంకుటింటి వసారాలో పురాణశ్రవణము ముగిసి శ్రోతలు లేచిపోవుచుండిరి. లేవనిది సూరమ్మ యొక్కతెయే. ఆమె బాల్యమునందే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి మరలివచ్చి తల్లిలేని తమ్ముని విస్సన్నను ఎత్తి పెంచిన సాధ్వి. ఇప్పుడాతడు గృహస్థు, ఆ యిల్లాతనిదే.

"ఒరేయ్ విస్సన్నా, ఆ పంతులుగారికి ఆకలేసిందంటే చాలురా, రాక్షసుడు యుద్ధం చెయ్యకుండానే చచ్చిపోతాడు. ఇవాళా సగం కథ మింగేశారు. నాకే నాలుగక్షరాలొస్తే ఈ అవస్థ ఉండదు కదా. నేర్పవూ?"

"దానికేం భాగ్యం అక్కయ్యా! ఈ ఆషాఢం వెళ్ళనీ."

విస్సన్న సోమరి కాడు. సూర్యోదయమునకు మునుపే స్నానమాడి సంధ్య వార్చి దేవతార్చన ముగించి గాని మంచినీరైన ముట్టని నిష్ఠాపరుడు. అక్కయన్న అతనికి ప్రాణము. అయినను అక్షరాభ్యాసము సరస్వతీదేవికి సంబంధించిన సంస్కారము గనుక సుముహూర్తమున గాని జరుపరాదని తలచెను. శ్రావణమున శుక్రమౌఢ్యము అడ్డువచ్చెను. భాద్రపదమున పితృపక్షము వచ్చెను. విజయదశమినాడు తిథివారములు విచారింపకయే మొదలిడవచ్చును గాని ఆనాడు ఇంటినిండ బంధువులుండిరి. కార్తికమున అతని యభిషేకములకే ప్రొద్దు చాలదయ్యెను. ఇట్లు ఒక యేడు గడచి దానివెంట మరికొన్ని యేండ్లు గడచెను.

"మీ పంచాంగంలో ఆవకాయక్కూడా ముహూర్తం దొరుకుతుంది, వదినగారి చదువుకే దొరకదు" అని భార్య పున్నమ్మ దెప్పెడిది.

"ఊరుకోవే. అకాలంలో మొదలెడితే చదువు నిలవదు" అని అతడు కసరెడివాడు.

కష్టకార్యమైనచో ఏనాడో నడుము కట్టియుండును. ఏనాడైనను చేయదగిన పని యగుటచేతనే అది ఏనాడును కాకపోయెను. అడిగినది అక్క యగుటయు, ఆమె మరల గట్టిగా అడుగకుండుటయు దీనికి తోడయ్యెను. ఎదురుచూచుట అలవాటైనవారినే మనము మరింత ఎదురుచూడనిత్తుమేమో!

ఒకనాటి మధ్యాహ్నభోజనమున విస్సన్న పంటిక్రింద రాయి పడెను. పిడికెడు మెతుకులు దాటకమునుపే మరియొకటి పడెను. సూరమ్మ చేట పట్టి యేరిన బియ్యమునందు ఇసుకరేణువైన మిగిలినట్లు ఆ యింట ఎవ్వరును ఎఱుగరు. అతడు చేతిముద్ద విస్తరిలో విడిచి అక్కయున్న చోటికి వచ్చెను.

"అక్కయ్యా, కనపడ్డం లేదా నీకు?"

"మసగ్గా ఉంటోందిరా. చేత్తో తడిమి ఏరుతున్నాను. చెప్తే నువ్వు కంగారు పడతావని..." అని ఆమె తప్పుచేసినదానివలె తల వంచెను.

పట్టణమున వైద్యుడు ఆమె కన్నులు పరీక్షించి, వెలుగునీడల భేదము దప్ప ఇక నేమియు మిగులదనియు పోయిన చూపు మరలిరాదనియు చెప్పెను. పడవలో మరలివచ్చునప్పుడు సూరమ్మ తమ్ముని మోకాలిపై చేయి వేసి, "పోనీలేరా. పంతులుగారు మింగగా మిగిలిందే వింటాను" అనెను. ఆ పలుకున నిష్ఠురము లేశమైనను లేకుండుటయే విస్సన్నకు గుండెకోత యయ్యెను. పాపికొండల దిక్కు చూచుచు అతడు ఉత్తరీయముతో ముఖము కప్పుకొనెను.

ఇల్లు చేరి కాళ్ళు కడుగుకొన్న వెంటనే అతడు పళ్ళెములో బియ్యము పోసి పీట వాల్చి అక్కను కూర్చుండబెట్టెను.

"ఏవండీ, ఇవాళ అమావాస్య. పైగా వర్జ్యం నడుస్తోంది" అని పున్నమ్మయే భయపడి పలికెను.

"నడవనీ."

"కళ్ళు పోయాక చదువేవిట్రా, నలుగురూ నవ్విపోతారు" అని సూరమ్మ చేయి వెనుకకు తీసికొనెను.

"వేలుందిగా అక్కయ్యా" అని అతడు చిన్ననాడు తన్ను నడిపించిన ఆ వ్రేలిని పట్టుకొని బియ్యములో మొదటి యక్షరము దిద్దించెను.

ఆ విద్య నిలిచెను. తెల్లవారి పూజానంతరము ఇరువురును పళ్ళెము ముందర కూర్చుండుట ఆ యింటి ధర్మమయ్యెను. మాఘమాసపు ఎండ ముంగిటికి దిగునప్పటికి సూరమ్మ తమ్ముని చేయి ఊతము లేకయే ఇష్టదేవతానామము వ్రాసెను. వ్రాసి, తాను వ్రాసినదానిని తానే చదువుకొనగోరి మెల్లగా వ్రేళ్ళతో తడిమెను. తాకినంతనే గింజలు జారి అక్షరములు కూలిపోయెను.

"చెరిగిపోయిందిరా" అని ఆమె చెదరిన గింజలను పళ్ళెము నడుమకు చేర్చుచు, "రాయడవైతే వచ్చింది. చదవడం రాదన్నమాట" అనెను. చూపులేని ఆ కన్నులనుండి అప్పుడు మొదటిసారిగా నీరు జారెను.

ఒక సుముహూర్తము కొరకు తాను విడిచిన ఆ దినములన్నియు సూర్యుడున్నవే గదా, వాని యందు ఆమె కన్నులు వెలుగుచుండెను గదా అని విస్సన్నకు తోచెను. దేవి తిథిని చూచునో, దోసిలి పట్టిన వారిని చూచునో అతడెఱుగడు. ఎఱుగుదుననుకొనిన దినములు గడచిపోయెను. అతడు అక్క కుడిచేతిని తన యొడిలోనికి తీసికొని ఆ యరచేతిలో తన వ్రేలితో ఒక యక్షరము వ్రాసెను.

"ఇదేవిటో చెప్పు."

ఆమె "శ్రీ" అనెను.

"ఇది?"

"మ... కాదు, ఉండు. మళ్ళీ రాయి." అతడు మరల వ్రాసెను. "య!" అని ఆమె ముఖము వికసించెను. "విస్సన్నా, ఇది చదవడవేనంటావా?"

"చదవడవే అక్కయ్యా."

"అయితే ఆ పురాణం తీసుకురా. మొదణ్ణుంచీ. ఒక్క ముక్క మింగావో, చూడు మరి!"

అతడు గ్రంథము తెచ్చి తొలిపుట తెరచెను. ఆ గ్రంథమెంత పెద్దదో అతడెఱుగును. అక్క వయస్సెంతో ఎఱుగును. ఆ రెంటిని సరిపోల్చుకొనక, తన వ్రేలిని ఆ ముడుతలుపడిన యరచేతిపై మోపి, మొదటి పద్యపు మొదటి యక్షరమును నిదానముగా వ్రాసెను.