రెండో నంబరు రంగు

పుల్లతో డబ్బాలో రంగు తిప్పుతూ మల్లప్ప గోడవైపు చూశాడు. మూడు రోజులుగా అవే రెండు మచ్చలు, ఒకటో నంబరు, రెండో నంబరు. రెండూ ఎండిన పేడనీళ్ల రంగే. మొయినాబాద్‌లో తోట కొని ఇల్లు కట్టుకుంటున్న కంప్యూటరు ఉద్యోగులు, దీక్షిత, సందీప్, పెళ్లిచూపులకు వచ్చినట్టు వాటి ముందు నిలబడ్డారు. తేల్చుకోలేక రెండు రంగులూ కొనుక్కొచ్చిన తెలివి వాళ్లది.

"రెండోదాంట్లో గ్రీన్ ఎక్కువ కదా?" అంది దీక్షిత. "మల్లప్పా, నువ్వు చెప్పు."

"రెండొక్కటే మేడం."

ఇద్దరూ నవ్వారు. మల్లప్ప పుల్లను డబ్బా అంచుకేసి కొట్టాడు.

నలభై ఏళ్లుగా చేవెళ్ల చుట్టుపక్కల ఇళ్లకు రంగులు వేసిన మనిషి. కొలత లేకుండా, కంటితోనే కలిపేవాడు. సగం గోడకు రంగు అయిపోతే మళ్లీ కలిపేవాడు. అతుకు చూపించినవాడికి సీసా కల్లు పందెం. ఇంతవరకూ ఒక్క సీసా ఓడలేదు. నిరుడు ఊరికి కంటి డాక్టర్లు వస్తే, "నా కండ్లు చూసెటందుకు మీకు కండ్లున్నయా?" అని పంపేశాడు.

మధ్యాహ్నానికి రెండో నంబరు ఖాయం చేసి ఇద్దరూ తిండికి వెళ్లారు. పెద్దగోడ సగంలో ఆ డబ్బా అడుగంటింది. ఇంకో డబ్బా వాళ్ల కారులోనే ఉండిపోయింది. మల్లప్ప ఒకటో నంబరు మూత తీశాడు.

"గీ గుడ్డోళ్లకు ఏం ఎర్క!"

సాయంత్రం నేల తుడుస్తూ శాంతమ్మ తలెత్తింది. ఇరవై ఏళ్లుగా అతని వెంట ఉప్పుకాగితంతో గోడలు రుద్దుతున్న మనిషి.

"మల్లన్నా, గీడికెళ్లి వేరే రంగేసినవేంది?"

"తడున్నది. ఆరితే ఒక్కటైతది."

ఆమె అరచేయి ఆనించి చూసింది. "ఎప్పుడో ఆరింది."

మల్లప్ప గోడకు ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లాడు. పది అడుగులు వెనక్కి వేశాడు. ఒక కన్ను మూశాడు, ఇంకోటి మూశాడు. ఒకటే రంగు.

"యాడ? ఏలు పెట్టి చూపియ్యి."

ఆమె వేలు తడబడలేదు. పైనుంచి కిందికి అతుకు వెంటే దిగింది. అతను డబ్బా మార్చింది సరిగ్గా అక్కడే.

బయట కారు ఆగింది.

దీక్షిత గుమ్మంలో ఆగి గోడనంతా చూసింది. "చూశావా! రెండోదే కరెక్ట్ అని నేను చెప్పలే?"

"ఆ గ్రీన్ ఎంత బాగా తెలుస్తుందో," అన్నాడు సందీప్.

శాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకో రోజైతే మల్లప్ప కూడా నవ్వేవాడు. కల్లు దుకాణంలో నెలరోజులు చెప్పుకునేవాడు. ఇవాళ ఆ ఇద్దరి పక్కన నిలబడి, వాళ్లు చూసినంతే చూశాడు.

తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"రేపు జల్ది రా అన్నా, ఇంకో గోడున్నది," అంది శాంతమ్మ.

"నువ్వే ఎయ్యి. నీకు కానొస్తది."

చేవెళ్ల బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు. వెనక్కి చూడలేదు.

డబ్బాలు సర్దుతూ శాంతమ్మ ఆగింది. నలభై ఏళ్లలో ఒక్కనాడూ కడగకుండా వదలని అతని బ్రష్షు కిటికీ గట్టు మీద ఉంది. కుచ్చు మొదట్లో రెండో నంబరు, కొసన ఒకటో నంబరు, ఎండి బిగుసుకుపోతూ.