ఉత్పత్తిదారు కార్డు

పశువుల డాక్టరు ఆవు పొట్ట కోసి తీసిన ప్లాస్టిక్ కవర్లు రెండు తట్టలు నిండాయి. ప్రసన్నకుమారి వాటిని చూసి చంకలోని బిడ్డను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. తన పాలు చాలక, వాడు ఈ ఆవు పాల మీదే పెరుగుతున్నాడు. కవర్ల మీది ముద్ర ఆమెకు తెలిసిందే. రోజూ తాను పాలు పోసే డెయిరీదే. తన ఆవు పాలు చిత్తూరుకు పోయి, కవర్లో కూర్చుని, పుత్తూరు చెత్తదిబ్బ మీదికి తిరిగొచ్చాయన్నమాట.

"ఈసారికి బతికింది. ఇంకోసారి తింటే నా చేతిలో లేదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆవు కోలుకునేదాకా బిడ్డకు ఆ డెయిరీ ప్యాకెట్టు పాలే గతి అయ్యాయి. ఖాళీ కవరు ఎక్కడ పడేయాలన్నా ఆమెకు చేయి రాలేదు.

మూతపడ్డ ఎస్టీడీ బూత్ గోడ మీద మున్సిపాలిటీ వాళ్ళ కొత్త కాగితం ఒకటి కనిపించింది: 'ఏ వస్తువు చెత్తకు ఆ వస్తువు ఉత్పత్తిదారుడే చట్టప్రకారం బాధ్యుడు.' ఎనిమిదితో బడి మానిన ప్రసన్నకుమారి దాన్ని మూడుసార్లు చదువుకుంది. కవర్లన్నీ కడిగి గోనెసంచిలో కుక్కి, చిత్తూరు బస్సెక్కింది.

డెయిరీ మేనేజరు జయరామ్ అంతా శ్రద్ధగా విన్నాడు. చట్టం చాలా మంచిదన్నాడు.

"అయితే దిబ్బ మీది కవర్లు మీరే ఎత్తించాల గదా సార్."

"మేమెట్ల ఉత్పత్తిదారులమవుతామమ్మా? నీ కార్డు ఇట్లియ్యి. సూడు, పాల ఉత్పత్తిదారుల సంఘం, సభ్యురాలు ప్రసన్నకుమారి. మేం నీ పాలకు సొక్కా తొడిగేవాళ్ళం, అంతే."

"తొడిగినోళ్ళే విప్పాల గదా సార్?"

"సొక్కా ఎవురి ఒంటిమీదుంటే వాళ్ళదే."

కవర్లు ఆమె ఉత్పత్తే కాబట్టి వారంలోగా దిబ్బ ఖాళీ చేయాలని ఆమె పేరనే నోటీసు రాయించి, అందినట్టు సంతకం తీసుకున్నాడు. "భయపడొద్దు, మొదటిసారి గదా, మర్యాదగానే రాసినాం" అన్నాడు.

తిరుగు బస్సులో సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, కార్డును మొదటిసారి వెనక్కి తిప్పి చదివింది. నాలుగో నిబంధన: 'ఉత్పత్తిదారు తెచ్చిన ఉత్పత్తిని పాలకేంద్రం తిప్పి పంపరాదు.'

మరునాడు పాలకేంద్రం వరుసలో ఆమె క్యానుకు బదులు సంచి పెట్టింది. పాలు పరీక్షించే గంగాధరం ముక్కు చిట్లించాడు.

"ఇదేంది పాపా?"

"నా ఉత్పత్తేనన్నా. మీ సారే రాసిచ్చినాడు, సూడు."

గంగాధరం నోటీసు చదివాడు, కార్డు చదివాడు. రెండింటి మీదా ఒకటే ముద్ర. చేసేదిలేక పెన్ను తీశాడు.

"వెన్న శాతం ఎంతని రాసేది?"

"ఆవు కడుపులో నానింది గదన్నా. బాగానే ఉంటాది, రాసుకో."

వెనక నిలబడ్డ సిద్ధమ్మ తన క్యాను పక్కకు జరిపింది. "ఉండప్పా, పాలవ్యాను పోనియ్యొద్దు. నా ఉత్పత్తి గూడా ఆడుండాది" అంటూ దిబ్బవైపు నడిచింది.