బేనిషాన్‌కు ఏడు దినాల నాగా

పొద్దున పదకొండు దాటిందంటే సీడు పత్తి పువ్వు ఎవరి మాటా వినదు. ఆలోపే మగ చెట్ల పువ్వులు తెంపుకొచ్చి, నిన్న సాయంత్రం మొగ్గ గిల్లి ఎర్ర కాయితం తొడిగిన ప్రతి ఆడ పువ్వుకూ పుప్పొడి అద్దెయ్యాలి. ఒక్క పూట తప్పితే ఆ పువ్వు పోయినట్టే. అందుకే గట్టు మండలంలో ఈ క్రాసింగ్ పని మొదలైతే రెండున్నర నెలలు నాగా అన్న మాట ఎవరి నోటా రాదు. జ్వరమొచ్చినా చేనే, చుట్టమొచ్చినా చేనే.

ఆ పనిలో శైలజను మించిన చెయ్యి మూడు జిల్లాల్లో లేదు. ఆమె గిల్లితే గిల్లినట్టు మొగ్గకే తెలియదు. ఒకసారి మాటల్లో పడి తన సాలు ముగించి, పక్క సాలు ముగించి, ఒడ్డు దాటి ముక్కూ మొహం తెలియని రైతు చేనులో ఎకరం గిల్లేసింది. ఆ రైతు పరుగున వచ్చి ఆపాడు, లేకపోతే అదే ఊపులో రాయచూరు చేరేదే.

పుప్పొడి అద్దుడు కాగానే ఇంటికొచ్చి, బువ్వ తిని, మామ మంచం పక్కన కూర్చుని ఫోన్ తీసేది. అందులో గుర్రప్పందాల ఆట. మనకొక లాయం ఇస్తారు. గుర్రాన్ని కొనాలి, మేపాలి, తర్ఫీదు ఇవ్వాలి. ఏ పందెంలో దింపాలో, ఎవరిని ఎక్కించాలో మనమే చెప్పాలి. పుణెలో కట్టడం పనికి పోయిన భర్త సాంసన్ మొన్న క్రిస్మసుకు వచ్చినప్పుడు ఎక్కించిపోయాడు. మామిడిపండు రంగులో ఉన్న ఆడగుర్రాన్ని చూడగానే శైలజ మనసు పడి కొనేసింది. కొల్లాపూర్ మామిడి పేరు పెట్టుకుంది, బేనిషాన్ అని.

బేనిషాన్ ఊపిరి వదిలితే ఫోన్ అద్దం మీద ఆవిరి పట్టేది. శైలజ కొంగుతో తుడిచి మళ్లీ ఆడేది. గిన్నెడు ఉలవ గుగ్గిళ్లు ఫోన్ పక్కన పెట్టి చెయ్యి కడుక్కొచ్చేలోగా గిన్నె నున్నగా ఉండేది. పక్కింటి వెంకటమ్మకు ఒక్కటే పంచాయితీ. ఫోన్ పెట్టే గూట్లో పడిన లద్దె తన బెండ చెట్లకు ఇస్తానని శైలజ వారానికోసారి మర్చిపోతోందని.

ఇక మామ ఆశీర్వాదం. నలభై ఏళ్లు పాలమూరు లేబర్‌లో కాల్వలు తవ్వుతూ తిరిగిన మనిషి. ఆయన లెక్క ప్రకారం దేశంలో నీళ్లు పారే చోట్లన్నీ ఆయన పార పెట్టిన చోట్లే. వాటన్నిటికీ పైన, పుణెలో గుర్రాల మైదానం కథ. మూడేళ్లు అక్కడ పందెపు గుర్రాలను సాకానని చెప్పేవాడు.

"నేను ఈల ఏస్తే పద్దెనిమిది గుర్రాలు ఒక్కపారే తల తిప్పేటివి," అనేవాడు. "పంతొమ్మిదోది చెవిటిది. అది గూడ తిప్పేది, మిగిలినవి చూసి."

అంత పనిమంతుడు ఇంట్లోనే ఉండగా శైలజ వేరే ఎవరినో ఎందుకు అడుగుతుంది.

"మామా, కొత్తగ ఆడేటోళ్లు మొదలు ఏం చూస్కోవాలె?"

"రంగు చూసి కొనొద్దు."

"కొన్న. ఇప్పుడు చెప్తే ఎట్ల?"

"అయితే నేల చూడు. నీ గుర్రం గట్టి నేల మీద ఉరుకుతదా, తడి నేల మీద ఉరుకుతదా తెల్సుకో. వాన పడ్డ దినం అందరు దింపుతుండ్రని నువ్వు దింపకు. ఇంకోటి, దూరం. కొన్ని రెండు ఫర్లాంగులకే ప్రాణం పెడ్తయి, కొన్నిటికి మైలు పోతెనే ఒళ్లు వేడెక్కుతది. దీన్ని ఇటు తే."

ఫోన్ తీసుకుని తెర వైపు కూడా చూడకుండా చెవికి ఆనించుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"ఇది దూరం పోయేది. ఎక్కినోడికి చెప్పు, మొదట్ల గుంజొద్దని. నడుమల దాచిపెట్టి, ఆఖరి మలుపు కాడ పగ్గం వదలాలె. ముందరి ఎడమ కాలు జర తేలిగ్గ ఏస్తుంది. నాడ చూడు."

చూస్తే నాడ అరిగి ఉంది. శైలజ మార్పించింది. ఆ వారంలోనే బేనిషాన్ మైలు పందెం గెలిచింది. పై వారం ఇంకొకటి, ఆ పై వారం ఇంకొకటి. అయిదో గెలుపు నాడు ఫోన్లోంచి లేచిన దుమ్ముకు ఇంట్లో అందరూ తుమ్మారు.

మామ చెప్పినవన్నీ పాటించింది గాని ఒక్కటి మాత్రం వినలేదు.

"పందెంకు పందెంకు నడుమ పండబెట్టు బిడ్డా," అని రోజూ అనేవాడు. ఆటలో దానికొక మీట ఉంది, ఏడు దినాలు విశ్రాంతి అని. శైలజ బొటనవేలు దాని దగ్గరికి పోయి, అక్కడే ఆగి, తర్ఫీదు మీద పడేది. పొద్దుకు వెయ్యి మొగ్గలు గిల్లే వేలు అది, ఖాళీగా ఉండమని చెప్పే మీటను నొక్కడం దానికి చేత కాలేదు.

"వారం దినాలు పండబెడితె ఎట్ల మామా? పువ్వు ఆగుతదా?"

"పువ్వు కాదది, గుర్రం."

"ఏదైనా పనే కద."

పదకొండో పందెంలో బేనిషాన్ ఆరోది వచ్చింది. పన్నెండోదాంట్లో ఆఖరుది. తెర మీద దాని సత్తువ గీత ఎర్రగా, వెంట్రుక మందంలో మిగిలింది. గుగ్గిళ్లు ముట్టలేదు. అద్దం మీద ఆవిరి కూడా సన్నగా, ఒక్క పక్కనే పట్టింది.

ఆ రోజు ఆదివారం. ప్రార్థనకు పోవడానికి కూడా ఎవరికీ తీరలేదు. మధ్యాహ్నం సాంసన్ ఫోన్ చేశాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"మంచిగున్నవా?" అంది శైలజ.

"ఉన్న. రెండు షిఫ్టులు చేస్తున్న. నిన్న పరంజా మీద నిలబడే కునుకు తీసిన. పక్కనున్న హరీష్ గాడు అంగి పట్టి గుంజిండు," అని నవ్వాడు.

శైలజ నవ్వలేదు. "ఎన్నో అంతస్తు?"

"ఏడు."

"ఒక్క వారం వచ్చిపో. కాళ్లు మొక్కుత."

"ఈ శ్లాబు పడ్డంక వస్త. తొమ్మిది నెలల సంది ఒక్క నాగా లేదు నాది, మేస్త్రి అందరికి నా పేరే చెప్తుండు. ఇప్పుడొస్తె ఎట్ల? పని ఆగుతదా?"

ఫోన్ పెట్టేశాక ఆ ఆఖరి మాట ఆమె చెవిలోనే ఉండిపోయింది. అది ఆయన మాట కాదు, తనదే. గుర్రం గురించి మామతో తను అన్నదే.

"మామా, నీ కొడుకు పడతడు," అంది మెల్లగా. "ఇయ్యాల కాకుంటె రేపు. నిద్రల పడతడు."

ఆశీర్వాదం ఈసారి ఏ కాల్వ కథా ఎత్తలేదు. "దేవుడు గూడ ఏడో దినం నాగా పెట్టిండు. మనం ఆయనకంటె పనిమంతులమా?" అన్నాడు.

శైలజ వేలు కదిలింది. ఎర్ర గీత పక్కనున్న మీటను గట్టిగా నొక్కింది. ఏడు దినాలు విశ్రాంతి.

ఫోన్లోంచి బేనిషాన్ ముందు తల బయటపెట్టింది, తర్వాత మెడ, తర్వాత మిగిలిందంతా. మంచం కోడు విరగకుండా చూసుకుని వాకిట్లోకి దిగింది. ఫోన్లో వేలెడంత ఉన్నది బయట కప్పు తాకేంత ఉంది. వెంకటమ్మ ఎండబెట్టిన చాట తీసి దారిచ్చింది. బకెట్ నీళ్లు తాగి, గుగ్గిళ్ల గిన్నె నాకి, ముసలాయన మంచం ముందుకొచ్చి నిలబడింది.

ఆశీర్వాదం గోడకు ఆనుకుపోయాడు.

"ముట్టు మామా," అంది శైలజ. "పద్దెనిమిదిటిని సాకినోడివి."

"సాకలే," అన్నాడాయన. "ఒక్కదాన్ని గూడ ముట్టలే. గోడ అవతల మోరీ కాల్వ తవ్విన, మూడేండ్లు. గోడ నా ఎత్తుకు ఇంకంత ఉండె. పొద్దుమూకులు కాళ్ల చప్పుడు ఇన్న, అంతే. ఏది అలిసింది, ఏది కుంటుతుంది, ఏది గెలుస్తది, అన్ని చప్పుడు మీదనే. వాటి రూపం ఎట్లుంటదో గూడ తెల్వదు."

శైలజ ఆయన వంక చూసింది. ఆయన చెయ్యి పట్టుకుని, మెల్లగా తెచ్చి, గుర్రం మెడ మీద పెట్టింది.

చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత ఆయన మంచం మీద నిలబడి దాని చెవి దగ్గర నోరు పెట్టాడు.

"రాయచూరు దాటినంక కృష్ణ మీద వంతెన. గుల్బర్గా తోవ పట్టు. షోలాపూర్ కాడ ఎడమ చేతికి కాల్వ వస్తది, నేనే తవ్విన, నీళ్లు మంచిగుంటయి, తాగిపో. ఆడికెంచి సీదా రోడ్డు. వాడు ఏడో అంతస్తుల ఉంటడు. పొడుగ్గ, నా ముక్కే. పిలిస్తె రాడు. పిలవకు, ఎక్కించుకో."

బేనిషాన్ సందు దాటి, బడి దాటి, రాయచూరు రోడ్డెక్కింది.

వారమంతా ఫోన్లో లాయం ఖాళీ. శైలజ పొద్దున పుప్పొడి అద్దింది, సాయంత్రం మొగ్గలు గిల్లింది, నడుమ ఖాళీ లాయం చూస్తూ కూర్చుంది. సాంసన్‌కు ఫోన్ చేస్తే రెండు దినాలు ఎత్తాడు, తర్వాత ఎత్తలేదు. బుధవారం నుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

మళ్లీ ఆదివారం మధ్యాహ్నం ఆశీర్వాదం మంచం మీద లేచి కూర్చున్నాడు. వెంకటమ్మ రేడియో కట్టేయమన్నాడు.

"వస్తుంది," అన్నాడు. "బడి కాడికి వచ్చింది. పోయేటప్పుడు తేలిగ్గ పోయింది. ఇప్పుడు చూడు, ఎనక కాళ్లు బరువుగ పడుతున్నయి."

"అలిసిందా మామా?"

"అలిసిన చప్పుడు కాదు బిడ్డా. ఎక్కి వస్తుండు."

బేనిషాన్ సందులోకి తిరిగింది. వాళ్లూ వీళ్లూ సైకిళ్లు పక్కకు జరిపారు. దాని మెడ మీద బోర్లా పడి సాంసన్ నిద్రపోతున్నాడు. జుట్టునిండా సిమెంటు, కుడి చేతిలో తాపీ. శైలజ ముందు తాపీని తీసింది, వేళ్లు ఒక్కొక్కటే విప్పి. తర్వాత మనిషిని దించింది. వాకిట్లో చాప మీద పడుకోబెడితే పక్కకు కూడా తిరగలేదు. బేనిషాన్ బిందెడు నీళ్లు తాగి, మోకాళ్లు వంచి ఫోన్లోకి పోయింది. తోక మాత్రం కొంతసేపు బయటే ఉంది.

సోమవారం శైలజ చేను నుంచి వచ్చేసరికి సాంసన్ ఇంకా పడుకునే ఉన్నాడు. ఫోన్ మోగింది.

"అక్కా, అన్న ఏడి? బుధవారం సంది కనవడ్తలేడు." హరీష్ గొంతు.

"ఇంట్ల. పండుకున్నడు."

హరీష్ పక్కనోళ్లకు, "ఇంట్లనే ఉన్నడంట," అని చెప్పడం వినిపించింది.

"ఏడో అంతస్తుల పరంజా పలక ఇరిగింది అక్కా, పొద్దుగాల. అన్న రోజు నిలబడే పలకనే. కింద సిమెంటు తట్ట ఒక్కటే పడింది."

శైలజ ఫోన్ పక్కన పెట్టి భర్త పాదాల దగ్గర కూర్చుంది. తెర మీద అక్షరాలు వెలిగాయి. విశ్రాంతి ముగిసింది, తర్వాతి పందెం ఎంచుకోండి అని. ఆమె బొటనవేలు ఈసారి ఎక్కడా ఆగలేదు. ఇంకో ఏడు దినాలు ఇచ్చేసింది.

సాయంత్రం తట్ట పట్టుకుని వెంకటమ్మ వచ్చింది, ఒకే రాకలో రెండు పనులకు.

"లద్దె ఏది? పా మల్ల, మొగ్గలు గిల్లే యాళ్ల అయింది."

"ఇయ్యాల నాగా," అంది శైలజ.

వెంకటమ్మ తట్ట దించింది. ఆ మాట చేన్లదాకా వినపడిందో ఏమో, ఆ పూట గట్టు మండలం మొత్తంలో ఒక్క పువ్వు కూడా తొందరపడలేదు.

మంచం మీద ఆశీర్వాదం తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. "దాని మెడ మీద చెయ్యేసిన వెంకటమ్మా," అన్నాడు. "వెచ్చగుండె." అంతకు మించి ఒక్క ముక్క కలపలేదు.

"గుర్రం పుణె పోయి మనిషిని తెచ్చుడు సరే గని," అంది వెంకటమ్మ లద్దె ఎత్తుతూ, "నువ్వు ముట్టినవంటె మాత్రం నమ్మ. మొన్న మేకపిల్ల దుంకితె గోడెక్కినవ్."

ఆయన చెయ్యి ముడుచుకున్నాడు.

"ముట్టిండు," అంది శైలజ. "నేను చూసిన."