మా ఆయన ఎడమచేతి చాకు

పెళ్ళయిన కొత్తలో మొగుడికి ఏం కొనిపెట్టాలని ఎవరైనా నన్నడిగితే చాకు కొనిపెట్టమంటాను. వాచీ వద్దు, చొక్కా వద్దు. మడిచి జేబులో వేసుకునే మంచి చాకు. దాన్ని విప్పగానే టక్కుమని వచ్చే చప్పుడుకి ఆయన మొహం వెలిగే తీరు చూస్తే, పెట్టిన డబ్బు అక్కడికక్కడే గిట్టుబాటయిపోతుంది.

మా ఆయన నర్సరీలో నారింజ అంట్లు కడతారు. వేళ్ళున్న ఒక మొక్క తల తీసేసి, దాని మీద మంచి చెట్టు కొమ్మను అతికించి, పట్టీ చుట్టి, రెండింటినీ ఒక్క ప్రాణం చేయడం ఆయన పని. అదే నర్సరీలో ఆఫీసు గది నాది. వచ్చినవాళ్ళకి ఏ మొక్కకి ఎంత ఎండ కావాలో చెప్తాను, ఫోన్లెత్తుతాను, మిగతా సమయమంతా కిటికీలోంచి మా ఆయన్ని చూస్తాను. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినందుకు నాకు ఆ కిటికీ ఒక్కటి దక్కినా చాలు.

ఆయనది ఎడమచేతి వాటం. బజార్లో దొరికే చాకులకు రెండు పక్కలా సాన పడతారు. వాటితో ఎవరైనా కోయొచ్చు, కాని ఎవరికీ గొప్పగా తెగదు. అసలైన అంటు చాకు వేరు. దానికి పదును ఒక్క పక్కనే ఉంటుంది. రెండో పక్క అద్దంలా చదునుగా ఉంటుంది. ఆ చదును పక్క కొమ్మకు ఆనుకుని జారితేనే కోత పలకలా వస్తుంది. అందుకే కుడిచేతివాళ్ళకి ఒక రకం చాకు, ఎడమచేతివాళ్ళకి ఇంకో రకం చాకు. ఆ రెండో రకం దొరకడమే కష్టం. తయారుచేసే వాళ్ళకి రాసి, పోస్టు కోసం చూసి చూసి తెప్పించాను. నా జీతంలో సగం దానికే పోయింది.

దాంతో మా ఆయన మొదటిసారి కొమ్మ కోశారు. కోసిన చోట వేలితో నిమిరి, "ఇన్నాళ్ళూ నా చెయ్యే వంకరనుకున్నానే," అన్నారు. నేను ఆ నారింజ మొక్కల మధ్యనే ఆయన చెంప మీద ముద్దు పెట్టేశాను. ఎవరూ చూడలేదు. చూసినా నాకేం?

మేమిద్దరం మా వదినగారింట్లో, అంటే మా ఆయన అక్క ఇంట్లో, వెనక గదిలో ఉంటున్నాం. వదిన మంచిది, ఎక్కువ మాట్లాడదు. వదిన వాటా మాటలు కూడా ఆవిడ భర్తే మాట్లాడేస్తాడు. ఆయన్ని నేను అన్నయ్యగారూ అని పిలవాలి. నర్సరీలో సూపర్‌వైజర్ ఆయనే. మా గదికీ వాళ్ళ గదికీ మధ్య ఒక్క చెక్క గోడ. మేం ఇటు నవ్వితే ఆయన అటు దగ్గుతాడు. కొత్త పెళ్ళికూతురికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

చాకు వచ్చిన ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నాం.

"ఏదీ, ఆ బంగారు చాకు ఇలా ఇవ్వు బామ్మర్దీ," అన్నాడు అన్నయ్యగారు. తీసుకుని, విప్పి, మూసి, మళ్ళీ విప్పాడు. "దీనికి సగం జీతమా? దీన్ని చూడగానే కొమ్మ నమస్కారం పెట్టి దానంతటది ఊడి పడుతుందా ఏం?"

"బాగా తెగుతుంది బావా," అన్నారు మా ఆయన మెల్లగా.

"నా బజారు చాకూ తెగుతుంది. చాకంటే చాకే. చదువుకున్న ఆడపిల్లకి అంటగట్టినంత తేలిగ్గా ఇంకెవరికీ అంటగట్టలేరమ్మా సరుకు. ఏం చెల్లెమ్మా, ఇంకా ఏమేం కొన్నావు? పుర్రచేతి మొగుడికి పుర్రచేతి చెప్పులు కూడా దొరుకుతాయేమో చూడకపోయావా?"

పక్కింటివాళ్ళు కూడా ఉన్నారు ఆ పూట. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన కూడా మర్యాదకి నవ్వారు. నేను కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాను.

"చల్లారిపోతోంది, తినండి," అంది వదిన, ఎవరి మొహమూ చూడకుండా.

తర్వాత కొన్నాళ్ళకి మా ఆయన పనిబట్టల జేబులోంచి చాకు మాయమైంది. మంచం కింద, మట్టి బస్తాల వెనక, పైపుల మధ్య, అంతా వెతికాం. మా ఆయన తిట్టలేదు, విసుక్కోలేదు. పిల్లి తప్పిపోయినట్టు ఊరికే అటూ ఇటూ చూస్తూ తిరిగారు. అది చూడలేకపోయాను.

ఆ వారంలోనే, షెడ్డు ముందు పురికొస కట్టలు విప్పుతూ అన్నయ్యగారు జేబులోంచి చాకు తీశాడు. టక్కుమన్న చప్పుడు ఆఫీసులోకి వినిపించింది. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. లేత రంగు చెక్క పిడి, మధ్యలో కన్నులా ఒక ముడి. అలాంటి కన్ను ఇంకో చెక్కకి ఉండదు.

"కొత్తదా సార్?" అని అడిగాడు తోటమాలి.

"ఆ, మా బామ్మర్దిది చూశాక నేనూ ఒకటి కొన్నాను. వాడు పారేసుకున్నాడులే, జాగ్రత్త తెలియదు."

మా ఆయనకి చెప్తే, "పోనీలే," అన్నారు. "అడిగితే బావ ఒప్పుకోడు. రాద్ధాంతం అవుతుంది. మధ్యలో అక్క నలిగిపోతుంది."

"మరి నేను నలగడం లేదా?"

"నువ్వు నలిగే రకం కాదులే," అని నా జడ లాగారు. తర్వాత పాత బజారు చాకు తీసుకుని మణికట్టు వంకర తిప్పి కోయడం మొదలుపెట్టారు. ఆ మణికట్టు వైపు చూస్తూ నేను ఒట్టు పెట్టుకున్నాను. వడ్డీతో సహా కక్కిస్తాను అని.

అదను దానంతటదే వచ్చింది. నర్సరీ యజమానురాలు, మేమంతా మేడమ్ అంటాం, కొత్త అంట్ల షెడ్డు కట్టించింది. దాన్ని నడిపే పెద్ద ఒకరు కావాలంది. ఆ పని ఎవరికి దక్కితే వెనక గేటు పక్కనున్న చిన్న ఇల్లు కూడా వాళ్ళకే. రెండు గదులు, వంటిల్లు, పొద్దున్నే ఎండ పడే వరండా. నాలుగు వైపులా ఇటుక గోడలు!

"ఎవరికి కావాలన్నా సరే, వచ్చే సోమవారం నా ముందు అంట్లు కట్టి చూపించండి," అంది మేడమ్.

ఇద్దరే ముందుకొచ్చారు. మా ఆయన, అన్నయ్యగారు. "మీకెందుకండీ ఆ ఇల్లు, మనకి ఉందిగా?" అని వదిన అడగబోతే, "అద్దెకిస్తాం. నీకు తెలియదు, ఊరుకో," అన్నాడాయన.

నాకు ఆ ఇల్లు కావాలి. ఆ వరండాలో ఒకే కప్పులో ఇద్దరం కాఫీ తాగడం నేను అప్పటికే ఊహించేసుకున్నాను. చాకూ కావాలి. కాని నిజం చెప్పాలంటే ఆ రెండింటికన్నా ఎక్కువగా, పదిమంది ముందు ఆ మనిషి మొహం మాడిపోవడం కావాలి.

రోజూ కిటికీలోంచి ఆయన్ని గమనించాను. చాకుతో పురికొస కోస్తాడు, సంచులు కోస్తాడు, గోళ్ళు గీసుకుంటాడు. కొమ్మ మాత్రం కోయడు. సూపర్‌వైజర్ అయ్యాక ఆయన అంటు కట్టిందే లేదు. తాడు తెగడానికి పదును ఏ పక్కనున్నా ఒకటే. ఆ చాకు తన చేతికి పనికిరాదని ఆయనకి ఇంకా తెలియదు! అది తట్టగానే ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఆదివారం సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని ఉంటే వెళ్ళాను.

"అన్నయ్యగారూ, రేపు ఏ చాకుతో కోస్తున్నారు? ఆ పాతదానితోనా?"

"ఎందుకమ్మా?"

"ఏం లేదు. మేడమ్‌కి మంచి పనిముట్లంటే ఇష్టం. తుప్పు చాకు తీస్తే ఏమనుకుంటారో అని. మీరు కొన్న కొత్తది ఉందిగా?"

'మీరు కొన్న' అనేటప్పుడు నా గొంతులో తేనె కారింది. ఆయన నన్ను ఒక్క క్షణం అనుమానంగా చూశాడు. నేను కళ్ళార్పకుండా చూశాను.

"ఉంది, ఉంది," అని జేబు తడుముకున్నాడు.

"మీ చేతికి భలే అమిరింది."

పొగడ్త ఆయనకి బాగా ఎక్కింది. చాకు తీశాడు. పక్కనున్న కుండీలోంచి ఒక పుల్ల విరిచాడు. కోసి చూడబోయాడు. కోస్తే గుట్టు బయటపడిపోతుంది.

"అయ్యో, మీకు కూడా ప్రాక్టీసా?" అన్నాను, అమాయకంగా మొహం పెట్టి. "మా ఆయనంటే సరే, భయంతో పొద్దుట్నుంచి ఒకటే కోయడం. మీరు కూడానా?"

ఆయన పుల్ల అవతల పారేశాడు. "నేనా? నిద్రలో లేపి కట్టమన్నా కడతా."

"అదే నేనూ అన్నాను," అని లోపలికొచ్చేశాను. వంటింట్లో వదిన పాలు కాస్తూ నన్ను ఎగాదిగా చూసింది గాని ఏమీ అడగలేదు.

సోమవారం కొత్త షెడ్డులో పొడుగాటి బల్ల వేశారు. అటు మా ఆయన, ఇటు అన్నయ్యగారు. మధ్యలో మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. పనివాళ్ళంతా చుట్టూ మూగారు. ఫోనెత్తేవాళ్ళు లేకపోయినా ఫరవాలేదని నేనూ వచ్చి నిలబడ్డాను.

మా ఆయన పాత బజారు చాకునే బాగా సాన పట్టుకుని తెచ్చుకున్నారు. తల వంచుకుని మొదలుపెట్టారు.

అన్నయ్యగారు అందరికీ వినపడేలా చాకు టక్కుమనిపించాడు. కొమ్మ పట్టుకుని కుడిచేత్తో లాగాడు. చాకు సగం దూరం వెళ్ళి చెక్కలోంచి బయటికి జారిపోయింది. మళ్ళీ లాగాడు. ఈసారి లోపలికి దిగి గరిటెలా గుంట చేసింది. గట్టిగా నొక్కాడు. కొమ్మ నిలువునా చీలింది.

"కొమ్మ బాగాలేదు," అన్నాడు.

ఇంకోటి ఇచ్చారు. అదీ గుంటే. ఇంకోటి. ఆయన మెడ మీద చెమట కారుతోంది. నాకైతే ప్రతి గుంటా ఒక మిఠాయి తిన్నట్టుంది. ఆనాటి ఆదివారం భోజనాల దగ్గర నవ్విన ఒక్కొక్కరి నవ్వునూ గుర్తు చేసుకుంటూ లెక్క తీర్చుకున్నాను.

చివరికి ఎలాగో ఒకటి అతికించి బల్ల మీద పెట్టాడు. మేడమ్ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"ఈ సందులోంచి వీధి కనిపిస్తోందయ్యా," అంది. "ఇది బతుకుతుందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నయ్యగారు చాకుని బల్ల మీద కొట్టాడు. "నా తప్పు కాదు మేడమ్! చాకు చెత్తది. దీనికి పదును పెట్టినవాడెవడో వెధవ!"

నేను కాచుకుని ఉన్నది ఆ మాట కోసమే.

"అదేమిటి అన్నయ్యగారూ," అన్నాను. "మీరే కదా చూసి చూసి కొన్నది?"

ఆయన నన్ను చూశాడు, మేడమ్‌ని చూశాడు. చాకు తనదంటే చెయ్యి చేతకానిది. చెయ్యి మంచిదనాలంటే చాకు తనది కాకూడదు. రెండింట్లో ఏది వదులుకోవాలో ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది.

"ఇది నాది కాదు," అన్నాడు చివరికి. "మా బామ్మర్దిది. ఊరికే... చూద్దామని తీసుకున్నా."

"మొన్న కొన్నానన్నారు కదా సార్?" అన్నాడు తోటమాలి, నిజంగానే అర్థంకాక.

ఈసారి నవ్వు దాచుకున్నవాళ్ళు లేరు. ఆయన మొహం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయి, తర్వాత నేను కోరుకున్న రంగుకి వచ్చింది.

మేడమ్ చాకు తీసుకుని రెండు పక్కలా చూసి, వేలితో తడిమింది. "ఇది ఎడమచేతి చాకు. ఇదిగో బాబూ, నీది నువ్వు తీసుకో. ఒకటి కోసి చూపించు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుపడితే ఆయన చెవులు అలాగే అవుతాయి, నాకు మహా ఇష్టం. కొమ్మ తీసుకుని ఒక్కసారి లాగారు. జారిన చప్పుడు కూడా రాలేదు. అతికించి ఇస్తే మేడమ్ వెలుతురుకి ఎత్తి, ఇటు తిప్పి, అటు తిప్పి, కళ్ళజోడు తీసేసింది.

"నువ్వు పాత చాకుతో కోసినవే గెలిచాయి," అంది. "ఇది చూశాక ఇక అడిగేదేముంది? కొత్త షెడ్డుకి ఇలాంటివే, కుడిచేతివి తెప్పించు అమ్మాయ్. ఇంటి తాళాలు ఆఫీసులో ఉన్నాయి, తీసుకోండి."

సాయంత్రం సామాను సర్దుతుంటే మా ఆయన మంచం మీద కూర్చుని నన్నే చూస్తున్నారు.

"ఆ చాకుతో కోస్తే అలా అవుతుందని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"కోయమని పురమాయించింది కూడా నువ్వేనా?"

"పురమాయించలేదు. పొగిడాను."

ఆయన తల పట్టుకున్నారు. "నేను ఎలాగూ గెలిచేవాణ్ణి కదే. ఇంత పరువు తీయాలా? రేపు అక్క మొహం ఎలా చూడను?"

"గెలిచేవారు. చాకు మాత్రం ఆయన జేబులోనే ఉండేది. మీరేమో పోనీలే అనేవారు. నాకు పోనివ్వడం రాదు."

ఆయన ఏదో అనబోయారు. అంతలో తలుపు తట్టి వదిన లోపలికొచ్చింది. చేతిలో ఒక గిన్నెల సెట్టు. దాన్ని కింద పెట్టి, తమ్ముణ్ణి చూసి, "నువ్వు కాసేపు బయటికెళ్ళు," అంది.

మా ఆయన నన్ను జాలిగా చూసి వెళ్ళారు. నేను చీర మడత పెడుతున్నదాన్ని ఆపేశాను. ఆవిడ తిట్టినా పడదామనుకున్నాను. తప్పయిందని మాత్రం అనకూడదనుకున్నాను.

వదిన తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చుంది.

"ఆ చాకు ఆయన అలమరలో ఉందని నాకు మొదటిరోజే తెలుసు," అంది. "చెప్పడానికి నోరు రాలేదు. ఈ ఇంట్లో నాకు నోరు పనిచేయడం మానేసి చాలా రోజులైంది."

వదిన పైటచెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఆవిడ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. వంగి చూస్తే నవ్వు ఆపుకుంటోంది.

"అయినా అంత తొందరగా ఎందుకు ఆపించేశావే?" అంది. "ఇంకో నాలుగు కొమ్మలు కోయనివ్వాల్సింది."

"మేడమే ఆపారు వదినా."

"ఆవిడకి ఓపిక తక్కువ." వదిన కాళ్ళు పైకి పెట్టుకుని సర్దుకుని కూర్చుంది. "సరే, మొదట్నుంచీ చెప్పు. గుంట పడ్డప్పుడు ఆయన మొహం ఎలా పెట్టాడో అది మాత్రం వదలకు."

నేను మూటలన్నీ పక్కకి నెట్టి, ఆవిడ ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాను.